రాగి ముందు, వెండి తర్వాత

నగల తయారీ, వెండి పని విశ్వవిద్యాలయంలో చదవడం గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులు ఇవి. కాలేజీ ఎంపిక గురించి అడిగినవారే ఎక్కువ. ఇప్పటికే బల్ల ముందు కూర్చుని పని చేస్తున్నవారు కొద్దిమందే అయినా, వాళ్ల ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. నగల తయారీలో డిగ్రీ చెయ్యాలని ఉంది. మన దగ్గర ఉందా, బ్రిటన్ వెళ్లాల్సిందేనా? (ఎస్., కరీంనగర్)

ఎంపీసీ చదవడం దీనికి అడ్డేమీ కాదు. హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) నాలుగేళ్ల బీడిజైన్ కింద యాక్సెసరీస్ శాఖ ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నవారైనా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. అయితే అది పూర్తిగా నగల కోర్సు కాదు. తోలు సంచులు, పాదరక్షలు, ఇంటి సామాను కూడా అందులోనే నేర్పుతారు. నగలే ప్రధానంగా కావాలంటే జైపూర్‌లోని ఐఐసీడీని (హస్తకళలు, డిజైన్ నేర్పే సంస్థ), జైపూర్, ముంబైలలోని ఐఐజీజేలను (రత్నాభరణాల పని నేర్పే సంస్థలు) చూడండి. ఐఐజీజేలను రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి నెలకొల్పింది, కాబట్టి అక్కడి చదువు పరిశ్రమ అవసరాలకు దగ్గరగా ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ చదువుకు పెద్ద పేరు బర్మింగ్‌హామ్. అక్కడి నగల పాఠశాల 1890లో మొదలైంది. నగల వ్యాపారులు, పనివాళ్లు ఉండే పేటలోనే, విట్టోరియా వీధిలో పెరిగింది. ఇప్పుడది బర్మింగ్‌హామ్ సిటీ యూనివర్సిటీలో భాగం. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనూ, ఎడిన్‌బరో యూనివర్సిటీలోనూ వెండి పని, నగల డిజైన్ కలిపి నేర్పుతారు. ఇంగ్లండ్‌లో డిగ్రీ మూడేళ్లు, స్కాట్లండ్‌లో నాలుగేళ్లు. చేతికి ఇంకో ఏడాది అభ్యాసం దొరకడం చిన్న విషయం కాదు. ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుందనుకోండి.

ఎక్కడికి దరఖాస్తు చేసినా ముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగండి. ప్రతి విద్యార్థికీ సొంత బల్ల ఉంటుందా? తరగతులు లేని వేళల్లో వర్క్‌షాప్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది? పక్కన నిలబడి చూసే టెక్నీషియన్లు ఎంతమంది? వెండి కాలేజీ ఇస్తుందా, మనం కొనుక్కోవాలా? గోడల మీద వేలాడే అవార్డు ఫొటోల కంటే ఈ జవాబులే మీకు పనికొస్తాయి. వారానికి రెండు పూటలు మాత్రమే వర్క్‌షాప్ తెరిచే చోట మూడేళ్లు చదివినా చెయ్యి తిరగదు.

ప్రశ్న: మాది తరతరాల కంసాలి పని. మా అబ్బాయి డిగ్రీ చదువుతానంటున్నాడు. మేం నేర్పలేనిది అక్కడేం నేర్పుతారు? (ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి)

మీ కుంపటి దగ్గర దొరికే చేతి పని ఏ యూనివర్సిటీలోనూ అంత లోతుగా దొరకదండి. అక్కడ దొరికేది వేరు. కొనేవాళ్లు అడిగిన మోడల్ కాకుండా తన మనసులోని ఆకారాన్ని యాభై బొమ్మలుగా గీసి, అందులోంచి ఒకటి ఎంచుకోవడం నేర్పుతారు. లోహం ఏ వేడికి ఎందుకు అలా ప్రవర్తిస్తుందో చెబుతారు. కంప్యూటర్‌లో మోడల్ చేసి మైనంలో ముద్రించి పోత పోయడం, ఎనామిల్, టైటానియంకు కరెంటుతో రంగు తెప్పించడం వంటివి ఒకే కప్పు కింద చూస్తాడు. తన పనికి మజూరీ తూకాన్ని బట్టి కాకుండా డిజైన్‌ని బట్టి అడగడం కూడా చదువులో భాగమే.

ఒక సంగతి తప్పక చూడండి. నిఫ్ట్‌లో చేతివృత్తుల వారికీ, వారి పిల్లలకూ ప్రత్యేక విభాగంలో ప్రవేశం ఉంది. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, పరీక్ష దగ్గర పడ్డాక పరిగెత్తితే దొరకదు. ఆ ఏటి బ్రోచర్‌లో షరతులు చదివి సరిచూసుకోండి.

చదువుకు పంపేముందు అబ్బాయిని ఒక వేసవంతా మీ పక్కన కూర్చోబెట్టండి. కమ్మచ్చులో తీగ లాగడం, ఆకురాయి పట్టడం, ఊదుగొట్టంతో మంట అదుపు చెయ్యడం వస్తే చాలు. మొదటి ఏడాది మిగతావాళ్లు రంపపు బ్లేడ్లు విరగ్గొట్టుకుంటున్నప్పుడు అతను డిజైన్ మీద మనసు పెట్టగలుగుతాడు.

ప్రశ్న: నాకు బొమ్మలు బాగా రావు. పోర్ట్‌ఫోలియో ఎలా? (విజయవాడ)

అందమైన బొమ్మ కాదు, ఆలోచన నడిచిన దారి చూపాలి. ఒక గింజనో గవ్వనో తీసుకోండి. దాన్ని నాలుగు వైపుల నుంచి గీయండి, కాగితం మడిచి ఆ ఆకారం తెప్పించండి, తర్వాత రాగి తీగతో కట్టండి. పాడైనవి కూడా పెట్టి, ఎందుకు పాడయ్యాయో ఒక్క వాక్యం రాయండి. ఫొటోలో పక్కన రూపాయి బిళ్ల ఉంచితే కొలత తెలుస్తుంది. నిఫ్ట్ రెండో దశలో, ఇచ్చిన సామానుతోనే అక్కడికక్కడ ఒక వస్తువు చెయ్యమంటారు కాబట్టి తీగ, అట్ట, దారంతో అభ్యాసం అక్కడా పనికొస్తుంది.

ప్రశ్న: వెండి ఉంగరం అతికేటప్పుడు టంకం (అతుకు వేసే లోహం) ముద్దలా నిలబడిపోతుంది తప్ప పారదు. ఇంకాస్త వేడి పెడితే ఉంగరమే కరిగిపోతోంది. (యాక్సెసరీస్ విద్యార్థిని, హైదరాబాద్)

ముందు అంకెలు చూడండి. 925 వెండి (వెయ్యికి 925 పాళ్లు వెండి ఉన్న మిశ్రమం) దాదాపు 800 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. మీరు వాడే హార్డ్ టంకం సాధారణంగా 745 నుంచి 778 డిగ్రీల మధ్య పారుతుంది. అంటే అతుకు పడటానికీ ఉంగరం పోవడానికీ మధ్య ఉన్నది ఇరవై చిల్లర డిగ్రీలు. అందుకే అంచనాతో మంట పెంచడం ఇక్కడ పనిచెయ్యదు.

టంకం ముద్దకట్టిందంటే టంకం వేడెక్కింది గాని ఉంగరం వేడెక్కలేదని అర్థం. లోహాలన్నిటిలో వేడిని అతి వేగంగా పాకించేది వెండి. అతుకు మీద మాత్రమే మంట పెడితే ఆ వేడి ఉంగరం చుట్టూ పారిపోతుంది. మంటను మెత్తగా, వెడల్పుగా పెట్టుకుని ముందు అతుకుకు ఎదురుగా ఉన్న వైపు వేడి చెయ్యండి. తర్వాత రెండు పక్కలా తిప్పుతూ చివరికి అతుకు దగ్గరికి రండి. టంకం ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న వైపే పరిగెడుతుంది. మీరు దాన్ని మంటతో పిలుస్తున్నారన్నమాట.

థర్మామీటర్ అక్కర్లేదు, అతుకుకు పూసే వెలిగారమే (బోరాక్స్) చెబుతుంది. నీళ్లతో అరగదీసి పాలలా పూసిన వెలిగారం మొదట బుసబుస పొంగి తెల్లటి పేలాల్లా ఉబ్బుతుంది. ఈ దశలో టంకం ముక్క ఎగిరి పక్కకు పడుతుంది, ఓపికగా పటకారుతో మళ్లీ పెట్టండి. తర్వాత ఆ ఉబ్బు అణిగి లోహానికి అంటుకుంటుంది. 740 డిగ్రీలు దాటాక అద్దంలా తేటపడుతుంది. అలా తేటపడిందంటే టంకం పారడానికి కొన్ని క్షణాలే ఉంది. అతుకు వెంట వెండి గీత ఒకటి తళుక్కున మెరుస్తుంది. ఆ మెరుపు కనబడగానే మంట తీసెయ్యండి. కరిగిపోయిన ఉంగరాల్లో ఎక్కువ భాగం, మెరుపు చూశాక కూడా ‘ఇంకొంచెం’ అని మంట ఉంచడం వల్ల పోయినవే.

మెరుపు రాకపోతే మంట పెంచొద్దు, ఆపండి. అతుకు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనబడితే టంకం దాన్ని నింపదు, ఆకురాయితో రెండు కొసలూ మళ్లీ చదును చెయ్యాలి. వేలి జిడ్డు, ఆకురాయి పొడి ఉన్నా పారదు. టంకం ముక్క మిల్లీమీటరు చదరం చాలు. ఎక్కువ పెడితే తర్వాత గంటసేపు అరగదీయాల్సింది మీరే. ఒకే వస్తువుకు రెండు మూడు అతుకులుంటే మొదట హార్డ్, తర్వాత 720 నుంచి 765 మధ్య పారే మీడియం, చివర ఇంకా తక్కువ వేడికి పారే ఈజీ. ఈ వరుస తప్పితే పాత అతుకులు ఊడి వస్తాయి.

కొలత కూడా అడిగారు. రేకు పొడవుకు లోపలి వ్యాసం ఒక్కటే చాలదు, మందం కూడా కలపాలి. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, మందం 1.5 అయితే, రెండూ కలిపి 18.5ను 3.14తో హెచ్చిస్తే 58.1 మిల్లీమీటర్లు. మందం కలపకపోతే ఉంగరం వేలికి ఎక్కదు.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో మొదటి ఏడాది. వెండి గ్లాసు చేశాను. మెరుగు పెట్టాక అక్కడక్కడ ఊదా రంగు మబ్బులా కనిపిస్తోంది. ఎంత రుద్దినా పోవడం లేదు.

దాన్ని మీ వర్క్‌షాప్‌లో ఫైర్‌స్టెయిన్ అంటారు. అది మురికి కాదు కాబట్టి రుద్దితే పోదు. 925 వెండిలో వెయ్యికి 75 పాళ్లు రాగి ఉంటుంది. గాలిలో వేడి చేసిన ప్రతిసారీ ఆక్సిజన్ లోహం లోపలికి చొచ్చుకుపోయి ఆ రాగిని పట్టుకుంటుంది. పైన ఏర్పడే నల్ల పొర, వేడి చేశాక వస్తువును వేసే ఆమ్లంలో కరిగిపోతుంది, వస్తువు తెల్లగా కనిపిస్తుంది. లోపల ఏర్పడిన ఎర్ర ఆక్సైడ్ మాత్రం వెండి చర్మం కింద దాక్కుని ఉంటుంది. మెరుగు చక్రం ఆ చర్మాన్ని అరగదీశాక మబ్బు బయటపడుతుంది. అందుకే అన్నీ అయిపోయిన తర్వాత, సమర్పించే ముందు రోజు కనిపించి ఏడిపిస్తుంది.

ఎక్కడెక్కడ ఉందో ముందు చూడండి. కిటికీ దగ్గర నిలబడి గ్లాసు పక్కన తెల్ల కాగితం వంచి పట్టుకుంటే, ప్రతిబింబంలో మబ్బుకు అంచు స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడు మీకు దారులు రెండు. ఒకటి, అరగదీసి తీసెయ్యడం: తడి ఎమెరీ కాగితం 400తో మొదలుపెట్టి 600, 800, 1200. ప్రతి కాగితానికీ దిశ మార్చి రుద్దండి, అప్పుడే ముందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. సాదా గ్లాసుకు ఇదే మేలు. సుత్తి దెబ్బల అందం ఉన్న గ్లాసైతే ఆ అందం అరిగిపోతుంది, కాబట్టి రెండో దారి. మెరుగు ఆపి, గ్లాసును సుమారు 600 డిగ్రీలకు కాల్చి, ఆమ్లంలో వేసి తీసి, సబ్బునీళ్లతో ఇత్తడి బ్రష్ పట్టండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పైన మేలిమి వెండి పొర ఒకటి పేరుకుని మబ్బును కప్పేస్తుంది. ఆ తర్వాత మాత్రం మెరుగు చక్రం దగ్గరికి వెళ్లకండి, మెత్తని గుడ్డతో ఆపండి. గట్టిగా రుద్దితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇకమీదట రాకుండా చూసుకోవడం సులువే. వేడి చేసే ప్రతిసారీ వస్తువంతా వెలిగారం పూయండి, అతుకు ఒక్కచోటే కాదు. బోరిక్ ఆమ్లాన్ని స్పిరిట్‌లో కలిపి, అందులో ముంచి, స్పిరిట్‌ను మండించేస్తే తెల్లటి పొర మిగిలి గాలిని ఆపుతుంది. ముంచాక డబ్బా మూత పెట్టి దూరంగా జరిపిన తర్వాతే అగ్గి వెలిగించాలి. కొన్ని వర్క్‌షాపులు దీన్ని అనుమతించవు కాబట్టి టెక్నీషియన్‌ను అడిగి చెయ్యండి. మంట పెద్దదిగా, మెత్తగా పెట్టి త్వరగా వేడెక్కించండి. చిన్న మంటతో అరగంట కాచడం కంటే అది మంచిది. ఎన్నిసార్లు వేడి పెట్టారో నోట్‌బుక్‌లో గీతలు గీసుకోండి, ఆ లెక్క చూస్తేనే ఎంత మబ్బు పట్టి ఉంటుందో అంచనా వస్తుంది.

ఈ బాధ తప్పించేందుకు పుట్టిన వెండి కూడా ఉంది. 1990లలో లండన్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీలో పీటర్ జాన్స్, రాగిలో కొంత బదులు జెర్మేనియం కలిపి ఆర్జెంటియం వెండిని తయారుచేశారు. నగల తరగతి గదిలో లోహశాస్త్రం ఎందుకని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. కాకపోతే ఎర్రగా ఉన్నప్పుడు అది చాలా బలహీనం, కదిపితే విరుగుతుంది. చల్లారేదాకా ముట్టొద్దు.

ప్రశ్న: రాగి రేకును సుత్తితో కొట్టి గిన్నెగా లేపుతుంటే అంచు చీలిపోయింది. (నాగ్‌పూర్ నుంచి తెలుగు విద్యార్థి)

మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. రేకు కోశాక అంచును నున్నగా అరగదీయలేదు: ఆ చిన్న గాటే చీలికకు మొదలు. లేదా ముడతపడిన చోట విప్పకుండా దాని మీదే కొట్టారు. లేదా, ఎక్కువగా జరిగేది ఇదే, మెత్తబరచకుండా ఇంకో వరుస కొట్టారు. సుత్తి దెబ్బకు రాగి గట్టిపడుతుంది. చెవి పెట్టి వినండి, మొదట మొద్దుగా పలికే రేకు గట్టిపడ్డాక ఖంగుమంటుంది. ఆ శబ్దం వచ్చాక అదనంగా ఒక్క దెబ్బా వెయ్యకూడదు. దీపం తగ్గించిన మూలలో కాల్చి, మసక ఎరుపు కనిపించగానే ఆపి, చల్లార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. అడుగు నుంచి అంచు దాకా ఒక వరుస పూర్తయిన ప్రతిసారీ ఇది చెయ్యాలి.

చీలిన గిన్నెను టంకంతో అతికి కొనసాగించకండి, తర్వాతి వరుసలో అక్కడే విచ్చుకుంటుంది. చీలిక కిందికి గీత గీసి అంచంతా కోసెయ్యండి, గిన్నె కాస్త పొట్టిదవుతుంది, అంతే.

రేకు ఎంత కొయ్యాలనేదానికి, గిన్నె వ్యాసం, ఎత్తు కలిపితే చాలావరకు సరిపోతుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసం, 50 ఎత్తు కావాలంటే 150 మిల్లీమీటర్ల బిళ్ల. అదే బిళ్ల ఒక మిల్లీమీటరు మందంలో వెండి అయితే సుమారు 183 గ్రాములు తూగుతుంది, రాగి అయితే 158. ఈరోజు వెండి ధరతో 183ను హెచ్చించి చూసుకోండి. మూడు రాగి గిన్నెలు చీలకుండా లేపాకే వెండి బిళ్ల కోయమని ఉపాధ్యాయులు ఎందుకంటారో తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఈ కోర్సులో చేరింది. ఆమ్లాలు, పొగలు అంటున్నారు. ఆరోగ్యానికి ప్రమాదం కాదా? (ఒక తల్లి, గుంటూరు)

మీ భయం న్యాయమైనదే, కానీ అసలు ప్రమాదాలు ఎక్కడున్నాయో తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. అన్నిటికంటే చెడ్డది కాడ్మియం. కేడీఎం నగలు అని మనందరం వినే మాటలోనిది అదే. 767 డిగ్రీలకే మరిగి ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలవుల్లో ఎక్కడైనా పాత దుకాణంలో పని నేర్చుకోవడానికి వెళితే, కాడ్మియం ఉన్న టంకం ముట్టొద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. పాత దుకాణాల్లో వేడికింద పెట్టే బూడిదరంగు పలక ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఉంది, దాన్నీ వాడకూడదు.

ఆమ్లం విషయంలో ఒకటే కట్టుబాటు: నీళ్లలో ఆమ్లం పొయ్యాలి గాని ఆమ్లంలో నీళ్లు పొయ్యకూడదు. చాలా కాలేజీలు ఇప్పుడు తక్కువ ప్రమాదకరమైన లవణాలే వాడుతున్నాయి. మన కంసాలులు వాడే చింతపండు పులుసు కూడా ఆ కోవదే, నిదానంగా అయినా పని చేస్తుంది.

ఎక్కువ గాయాలయ్యేది మాత్రం మెరుగు చక్రం దగ్గర. జడ ముడేసుకోవాలి, చున్నీ తీసెయ్యాలి, గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. చేతి తొడుగులు వేసుకోకూడదు, చక్రం తొడుగుతో పాటు వేలిని లాగేస్తుంది. గొలుసును వేళ్లకు చుట్టుకుని మెరుగు పెట్టడం ఎప్పుడూ వద్దు, చెక్కకు చుట్టి పెట్టాలి.

ప్రశ్న: చివరి ఏడాది ప్రాజెక్టుకు కరీంనగర్ వెండి తీగ పని తీసుకోవాలనుకుంటున్నాను. ఒక నెల చాలా?

చూసి రాయడానికి చాలు, చెయ్యడానికి చాలదు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో ముడిసరుకు దాదాపు మేలిమి వెండి. రాగి తక్కువ కాబట్టి తీగ మెత్తగా వంగుతుంది, పైన చెప్పిన మబ్బు సమస్య కూడా ఉండదు. వెంట్రుకలాంటి రెండు తీగల్ని పురిపెట్టి, చదునుగా నొక్కితే అంచు పొడవునా సన్నటి పూసల వరుస వస్తుంది. దాన్ని వంచి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో ఇరికిస్తారు. అది తన బిగువుతోనే నిలబడాలి. వదులుగా ఉంటే వెలిగారం పొంగినప్పుడు లేచిపోతుంది.

కష్టమంతా టంకంలో. ముక్కలుగా పెడితే కరిగి పూసల మధ్య నిండిపోయి, జాలీ కాస్తా రేకులా కనిపిస్తుంది. అందుకే టంకాన్ని ఆకురాయితో పొడి చేసి, వెలిగారం పొడి కలిపి, పలచగా చల్లుతారు. సన్న తీగ చట్రం కంటే ముందే వేడెక్కుతుంది కాబట్టి మంట చట్రం మీదుగా తిరగాలి. వారం రోజులు ఒకే ఆకు ఆకారాన్ని ఇరవై సార్లు చెయ్యండి, అందులో రెండు నిలిస్తే బాగా వచ్చినట్టే. మీకు నేర్పే కళాకారుడికి రోజు కూలి లెక్కగట్టి ఇవ్వండి. ఆయన ఒప్పుకుంటే ప్రాజెక్టులో పేరు రాయండి. అది ఆయన విద్య.

ప్రశ్న: బ్రిటన్‌లో చదువుతూ నేను చేసిన వెండి వస్తువులు అమ్ముకోవచ్చా?

వీసా షరతులు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని అడగండి. సొంత వ్యాపారం విషయంలో అవి చాలా కఠినం. వస్తువు వరకు చూస్తే, 7.78 గ్రాములు దాటిన దేన్నయినా వెండి అని చెప్పి అమ్మాలంటే అక్కడ హాల్‌మార్క్ తప్పనిసరి. లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరోలలోని హాల్‌మార్క్ కార్యాలయాల్లో ఒకచోట మీ సొంత ముద్ర నమోదు చేసుకోవాలి. టంకాన్ని కూడా పరీక్షిస్తారు కాబట్టి హాల్‌మార్క్‌కు తగిన రకమే కొనండి. తుది మెరుగు పెట్టకముందే పంపండి. ముద్ర కొట్టిన చోట వెనకవైపు కాస్త ఉబ్బుతుంది, దాన్ని సరిచేశాకే మెరుగు.